పాత ఏడాది మీద క్విజ్ ఎలా తయారు చేయాలి: 1983తో ఒక పాఠం

లైబ్రరీలో పాత పత్రికల విభాగంలో పనిచేసినదాన్ని కాబట్టి, ఫలానా సంవత్సరం మీద క్విజ్ చేసిపెట్టమని తెలిసినవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఎవరిదో నలభయ్యో పుట్టినరోజు ఉంటుంది, లేదా పాత బ్యాచ్ అంతా కలుస్తుంటారు. చాలామంది అప్పటికే కొన్ని ప్రశ్నలు రాసుకుని వస్తారు. ఆ ఏడాది ప్రధాని ఎవరు, ప్రపంచకప్ ఎవరు గెలిచారు, నోబెల్ ఎవరికి వచ్చింది. ఇలాంటి ప్రశ్నలకు జవాబు తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు. తెలియని మనిషికి అక్కడ చేసే పనేమీ ఉండదు, మిగతావాళ్ల మొహాలు చూస్తూ కూర్చోవడం తప్ప.

నేను ప్రశ్న రాసేటప్పుడు ఒకటే చూస్తాను. జవాబు తెలియనివాళ్లు కూడా కాసేపు బుర్రకు పదును పెడితే దాని దగ్గరికి వెళ్లగలగాలి. అంటే ప్రశ్నలోనే దారి ఉండాలి. ఆ దారి ఎలా వేయాలో 1983ను ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. అది నాకు ఎంతో ఇష్టమైన సంవత్సరం. క్రీడలు, అంతరిక్షం, సైన్స్, ప్రచ్ఛన్న యుద్ధం, అన్నీ అందులో ఉన్నాయి.

ముందు ఏరుకోవాలి

ఏడాది చివర పత్రికలు వేసే 'ముఖ్య సంఘటనలు' జాబితాతో మొదలుపెట్టకండి. అందులో ఉన్నవి అందరికీ తెలిసినవే, అందరూ అడిగేవే. పన్నెండు కాగితాలు తీసుకుని నెలకొకటి కేటాయించండి. ఆ ఏడాది పత్రికల బైండు సంపుటాలు గానీ, ఆన్‌లైన్‌లో వాటి స్కాన్‌లు గానీ దొరికితే మొదటి పేజీతో ఆగిపోకుండా లోపలి పేజీలు కూడా తిప్పండి. తేదీ, సంఘటన, అది ఈ రోజు మనిషికి ఎక్కడ తగులుతుంది, ఈ మూడూ రాసుకోండి. మూడోది రాయలేకపోతే ఆ సంఘటనను వదిలేయవచ్చు.

ఏరేటప్పుడు రెండు రకాల వార్తల కోసం ప్రత్యేకంగా వెతుకుతాను. ఒకటి, అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, ఇప్పుడు మన జీవితాన్ని నడిపిస్తున్నది. 1983 జనవరి 1న అర్పానెట్ అనే కంప్యూటర్ల నెట్‌వర్క్ తన పాత పద్ధతి వదిలి టీసీపీ/ఐపీకి మారింది. ఈ రోజు ఇంటర్నెట్ నడుస్తున్నది ఆ పద్ధతి మీదే. సెప్టెంబరు 21న మోటరోలా డైనాటాక్ అనే చేతిలో పట్టుకునే మొబైల్ ఫోన్‌కు అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. మే నెలలో 'సైన్స్' పత్రికలో పారిస్ శాస్త్రవేత్తల వ్యాసం ఒకటి వచ్చింది. మనం ఇప్పుడు హెచ్ఐవీ అని పిలిచే వైరస్ గురించి.

రెండో రకం దీనికి తలకిందులు. అప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకున్నది, ఇప్పుడు ఎవరికీ గుర్తు లేనిది. ఆ ఏప్రిల్‌లో జర్మనీ పత్రిక 'స్టెర్న్' హిట్లర్ డైరీలు తమకు దొరికాయని ప్రకటించింది. రెండు వారాలు తిరక్కుండానే అవి నకిలీవని తేలింది. కాగితంలో యుద్ధం తర్వాత మాత్రమే వాడకంలోకి వచ్చిన రసాయనం ఉంది. దీన్ని "ఏ పత్రిక మోసపోయింది?" అని అడిగితే పస ఉండదు. "1945లో చనిపోయిన ఒక నియంత రాసుకున్నవంటూ 1983లో బయటపెట్టినవి నకిలీవని శాస్త్రవేత్తలు తేల్చారు. రాతను కాకుండా మరి దేన్ని పరీక్షించి?" అని అడగండి. కాగితం, సిరా, బైండింగ్ అంటూ టీమ్ తనలో తాను వాదించుకోవడం మొదలవుతుంది. నాకు కావలసింది అదే.

రాజకీయం విషయంలో ఒక మాట. మనవాళ్లకు 1983 అనగానే జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయడం గుర్తొస్తుంది. మార్చిలో ఢిల్లీలో అలీనదేశాల శిఖరాగ్ర సభ కూడా చాలామందికి తెలుసు. ఇవి తప్పకుండా పెట్టండి, కానీ మొదటి రౌండ్‌లోనే. మొదట నాలుగు జవాబులు చెప్పగలిగితే అందరి టెన్షన్ తగ్గుతుంది.

ఒకే రోజు రెండు వార్తలు

నెలవారీ కాగితాలు రాసుకుంటే దొరికే పెద్ద లాభం ఇది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంగతులు ఒకే తేదీ కింద కనిపిస్తాయి.

జూన్ 18 చూడండి. ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద భారత్ 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి కపిల్ దేవ్ 175 నాటౌట్. తొమ్మిదో వికెట్‌కు కిర్మాణీ తోడుగా నిలబడ్డాడు, ఇద్దరూ విడిపోకుండా 126 పరుగులు జోడించారు. అదే రోజు అమెరికాలో ఛాలెంజర్ స్పేస్ షటిల్ పైకి లేచింది. అందులో శాలీ రైడ్ ఉంది, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ. ఇప్పుడు ప్రశ్న ఇలా అడగవచ్చు: "శాలీ రైడ్ అంతరిక్షంలోకి వెళ్లిన రోజున భారత క్రికెట్ జట్టు 17 పరుగులకు 5 వికెట్లతో ఉంది. భారత ఇన్నింగ్స్ ముగిసేసరికి నాటౌట్‌గా మిగిలిన ఇద్దరు ఎవరు?" కపిల్ పేరు ఎవరైనా చెప్తారు. రెండో పేరు దగ్గర బుర్ర పెట్టాలి. వికెట్ కీపర్ అని చిన్న క్లూ ఇస్తే చాలామందికి తట్టేస్తుంది.

ఫైనల్ మీద ప్రశ్న పెట్టాలంటే ఫలితం అడగకండి. జూన్ 25న భారత్ 183 చేసి, వెస్టిండీస్‌ను 140కి ఆలౌట్ చేసి 43 పరుగులతో గెలిచిందని పిల్లలు కూడా చెబుతారు. ఆ స్కోరుకార్డును నిదానంగా చదివితే మరోటి కనిపిస్తుంది. రెండు జట్లలో ఒక్కరు కూడా యాభై కొట్టలేదు. అందరికన్నా ఎక్కువ చేసింది శ్రీకాంత్, 38. రిచర్డ్స్ 33 దగ్గర ఆగిపోయాడు. "ఆ మ్యాచ్ మొత్తానికి టాప్ స్కోరర్ ఎవరు?" అంటే క్రికెట్ బాగా తెలిసినవాళ్లు కూడా అమర్‌నాథ్ దగ్గరో రిచర్డ్స్ దగ్గరో తచ్చాడతారు. అమర్‌నాథ్ చేసింది 26, దాంతోపాటు 12 పరుగులకే 3 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు.

సెప్టెంబరు 26 కూడా అలాంటి రోజే. ఆస్ట్రేలియా పడవ 'ఆస్ట్రేలియా 2' అమెరికాస్ కప్ అనే పడవ పందెం గెలిచి అమెరికా క్లబ్ 132 ఏళ్ల ఆధిపత్యానికి తెర దించింది. అదే తేదీన, మాస్కో సమయం ప్రకారం అర్ధరాత్రి దాటాక, సోవియట్ అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ ముందు తెర మీద అమెరికా నుంచి క్షిపణులు వస్తున్నాయని హెచ్చరిక వెలిగింది. మొదట ఒకటి, ఆ తర్వాత మరో నాలుగు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాళ్లు ఐదింటితో ఎందుకు మొదలుపెడతారని ఆయన ఆలోచించి, అది తప్పుడు హెచ్చరిక అని పైవాళ్లకు చెప్పాడు. మేఘాల పైభాగాన సూర్యకాంతి పడి ఉపగ్రహాలు పొరబడ్డాయని తర్వాత తేలింది. పడవ పందెం వార్త మీకు ఆ వారం పత్రికల్లో దొరుకుతుంది. పెట్రోవ్ పేరు మాత్రం 1983 సంపుటంలో ఎంత వెతికినా కనపడదు, సోవియట్ యూనియన్ కూలిపోయాకే ఆ సంగతి బయటికొచ్చింది. అందుకే పత్రికలు తిరగేశాక, ఆ ఏడాది గురించి తర్వాత రాసినవి కూడా చదవాలి. "ఆ రోజు ప్రపంచంలో జరిగిన అతి పెద్ద సంఘటన మర్నాటి పేపర్లో రాలేదు. ఏమిటది?" నాకు ఈ ప్రశ్న అంటే ప్రాణం.

ఒక ప్రశ్నను చెక్కడం

ఇక అసలు పని. 1983లో భౌతికశాస్త్ర నోబెల్ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు వచ్చింది, విలియం ఫౌలర్‌తో కలిపి. దీన్ని ప్రశ్నగా మారుద్దాం.

మొదటి రాత: "1983లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న భారత సంతతి శాస్త్రవేత్త ఎవరు?" పరీక్ష పేపర్లో ప్రశ్న ఇది. దారి లేదు.

రెండో రాతకు ముందు ఆయన జీవితంలో ఏముందో చూశాను. 1910 అక్టోబరు 19న పుట్టాడు. 1930లో, 19 ఏళ్ల వయసులో, చదువు కోసం ఓడలో ఇంగ్లండ్ వెళుతూ నక్షత్రాలు చివరికి ఏమవుతాయనే లెక్క వేశాడు. తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, బరువుకు ఒక హద్దు ఉందని, అది దాటితే ఆ స్థితిలో నిలవదని తేలింది. 1983లో నోబెల్ ప్రకటన వచ్చిన తేదీ అక్టోబరు 19, ఆయన 73వ పుట్టినరోజు. అన్నిటికన్నా పనికొచ్చే సంగతి, ఆయన సర్ సి.వి.రామన్ అన్నగారి అబ్బాయి. రామన్‌కు నోబెల్ వచ్చింది 1930లోనే. ఇవన్నీ కుక్కేస్తే ప్రశ్న అరపేజీ అయింది. చదివేలోపు మొదట ఏం చెప్పానో వినేవాళ్లు మర్చిపోతారు.

మూడో రాత: "1930లో బాబాయికి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఓడలో ఇంగ్లండ్ వెళుతూ నక్షత్రాల మీద లెక్కలు వేసిన కుర్రాడికి 1983లో, సరిగ్గా తన పుట్టినరోజున, అదే బహుమతి ప్రకటించారు. బాబాయి ఎవరు, అబ్బాయి ఎవరు?"

ఇప్పుడు దారి పడింది. 1930 అనగానే ఎవరో ఒకరు రామన్ అంటారు, సగం మార్కులు వచ్చేస్తాయి. అక్కడి నుంచి మిగతా సగానికి వెళ్లవచ్చు. ఎటూ తట్టకపోతే "1999లో నాసా ఆయన పేరుతో ఒక ఎక్స్-రే టెలిస్కోప్ పంపింది" అనే క్లూ చేతిలో ఉంచుకోండి. తెల్ల మరుగుజ్జు సంగతి ప్రశ్నలోంచి తీసేశాను, జవాబు చెప్పాక చెబుతాను. ఫౌలర్ పేరు కూడా అప్పుడే.

ప్రశ్న రాశాక బయటికి చదివి చూడండి. రెండు సార్లు ఊపిరి తీసుకునేలోపు అయిపోవాలి. ఇంకా సాగుతుంటే ఏదో ఒక సంగతి జవాబులోకి వెళ్లాల్సిందే.

ఇదే పద్ధతిలో వచ్చిన ఇంకో మూడు ప్రశ్నలు, నాకు బాగా నచ్చినవి:

"1966లో ఇంగ్లండ్‌లో పోతే ఒక కుక్క వెతికిపెట్టింది. 1983 డిసెంబరులో రియోలో మళ్లీ పోయింది, ఇప్పటికీ దొరకలేదు. ఏమిటది?" జవాబు జూల్స్ రిమే ట్రోఫీ, పాత ఫుట్‌బాల్ ప్రపంచకప్. 1970లో మూడోసారి గెలిచి బ్రెజిల్ దాన్ని సొంతం చేసుకుంది. కుక్క పేరు పికిల్స్.

"1983 ఆగస్టు చివర్లో స్పేస్ షటిల్ తొలిసారి రాత్రిపూట లేచింది. అది మోసుకెళ్లిన ఉపగ్రహం తర్వాత భారతదేశంలో ఇంటింటి కాలక్షేపాన్ని మార్చేసింది. ఉపగ్రహం పేరేమిటి?" ఇన్‌శాట్-1బి. టీవీ అని తడితే చాలు, జవాబు వెనకే వస్తుంది. ఆ షటిల్‌లోనే గయన్ బ్లూఫోర్డ్ వెళ్లాడు, అంతరిక్షం చూసిన తొలి ఆఫ్రికన్ అమెరికన్.

"1983 అక్టోబరులో మీటరు నిర్వచనం మార్చారు. దాంతో ప్రపంచంలో ఒకే ఒక్క వేగాన్ని ఇక కొలవాల్సిన అవసరం లేకుండా పోయింది. దేని వేగం?" కాంతి. సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో కాంతి వెళ్లే దూరమే మీటరు అని నిర్ణయించారు కాబట్టి ఆ అంకె ఖాయమైపోయింది.

గొడవలు ఎక్కడొస్తాయి

క్విజ్‌లో గొడవ ఎక్కువగా సంవత్సరం దగ్గరే వస్తుంది. 'గాంధీ' సినిమా విడుదలైంది 1982లో, ఆస్కార్లు అందుకున్నది 1983 ఏప్రిల్‌లో. కాస్ట్యూమ్ డిజైన్‌కు భాను అథైయా, జాన్ మొల్లోతో కలిసి ఆస్కార్ తీసుకుంది, ఆస్కార్ గెలిచిన తొలి భారత వ్యక్తి ఆమె. "1982లో ఆస్కార్ గెలిచిన" అని రాసినా, "1983 సినిమా" అని రాసినా చెయ్యి లేస్తుంది. 'టైమ్' పత్రిక కంప్యూటర్‌ను ముఖచిత్రంగా వేసిన సంచిక తేదీ 1983 జనవరి 3, కానీ ఆ గౌరవం 1982వ సంవత్సరానికి. హెచ్ఐవీ వ్యాసం 1983, దాన్ని కనుగొన్నందుకు నోబెల్ 2008. ప్రతి ప్రశ్నలో పని జరిగిన ఏడాదా, గుర్తింపు వచ్చిన ఏడాదా అన్నది తేటగా ఉండాలి.

'తొలి' అనే మాట రాసిన ప్రతిచోటా ఎర్ర ఇంకుతో గీత పెట్టుకోండి. శాలీ రైడ్ తొలి అమెరికన్ మహిళ మాత్రమే. అంతరిక్షంలోకి ఆమెకన్నా ముందు సోవియట్ మహిళలు ఇద్దరు వెళ్లారు, 1963లో తెరెష్కోవా, 1982లో సవిత్స్కాయా. బ్లూఫోర్డ్ విషయంలోనూ అంతే, ఆఫ్రికన్ మూలాలున్న క్యూబా వ్యోమగామి తమాయో మెండెస్ 1980లోనే వెళ్లొచ్చాడు. వయసులతో కూడా జాగ్రత్త. సోవియట్ నాయకుడు ఆంద్రోపోవ్‌కు శాంతి గురించి ఉత్తరం రాసిన అమెరికా అమ్మాయి సమంతా స్మిత్‌కు, రాసేనాటికి పదేళ్లు. ఆయన పిలుపు మీద 1983 జులైలో ఆ దేశం వెళ్లేసరికి పదకొండు. ఏ రోజుకు వయసు అడుగుతున్నారో చెప్పకపోతే రెండు జవాబులూ సరైనవే.

ఏ సంగతినైనా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల సరిచూడండి. ఒక వెబ్‌సైట్ నుంచి ఇంకోటి కాపీ కొట్టినవి రెండు కిందికి రావు. రెండో ఆధారం దొరకకపోతే, ఎంత మంచి ప్రశ్న అయినా పక్కన పెట్టేయాలి.

విషాదాలు

దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఎంతమంది చనిపోయారన్నది క్విజ్ ప్రశ్న కాకూడదు. సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియన్ ఎయిర్‌లైన్స్ విమానం 007ను సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ అంకెను ఊహించమని అడిగి, దగ్గరగా చెప్పినవాళ్లకు చప్పట్లు కొట్టించడం నాకు ఎన్నటికీ చేతకాదు. అలాగని ఆ సంఘటనను వదిలేయను. తర్వాత ఏం జరిగిందో అడుగుతాను. రెండు వారాలకు అమెరికా ప్రభుత్వం, సైన్యం కోసం కడుతున్న ఒక ఉపగ్రహ వ్యవస్థను పూర్తయ్యాక మామూలు ప్రజలకూ ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. "విమానాలు ఇలా దారి తప్పకూడదని అప్పుడు ఇస్తామన్నది ఇప్పుడు మీ అందరి ఫోన్లలో ఉంది. ఏమిటది?" జీపీఎస్. ఈ జవాబు చెప్పాక విమానం సంగతి రెండు వాక్యాల్లో, నెమ్మదిగా చెబుతాను. అప్పుడు గదిలో అందరూ వింటారు.

అడిగే రోజు

పేర్లు ముందే నోటికి తెచ్చుకోండి. మెక్‌క్లింటాక్, తెరెష్కోవా లాంటి పేర్ల దగ్గర మీరు తడబడితే ప్రశ్న ఊపు పోతుంది. ప్రశ్నను రెండుసార్లు ఒకేలా చదవండి, రెండోసారి మాటలు మారిస్తే అందులో ఏదో క్లూ ఉందని అపార్థం చేసుకుంటారు. ఏ జవాబులు ఒప్పుకుంటారో ముందే రాసిపెట్టుకోండి. 'పాత ఫుట్‌బాల్ ప్రపంచకప్' అంటే ఒప్పుకోవాలి, జూల్స్ రిమే పేరు కోసం పట్టుపట్టకూడదు. కష్టమైన ప్రశ్నలు రెండు వరసగా రాకుండా చూడండి. సైన్స్ ప్రశ్న తర్వాత ఆటల ప్రశ్న వేస్తే ఇందాక మౌనంగా ఉన్నవాళ్లు ముందుకొస్తారు.

జవాబు చెప్పగానే తర్వాతి ప్రశ్నకు పరిగెత్తకండి. ఒక్క వాక్యం కలపండి. బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో వైద్యశాస్త్ర నోబెల్ ఎవరితోనూ పంచుకోకుండా వచ్చింది. మొక్కజొన్న గింజల మీది రంగుల మచ్చలు చూసి, జన్యువులు చోటు మారగలవని ఆమె 1940ల్లోనే చెప్పింది. ఈ రెండో వాక్యం లేకపోతే ఆమె ఒక పేరుగానే మిగిలిపోతుంది.

చివరికి రెండు టీమ్‌లూ సమానంగా నిలిస్తే టైబ్రేకర్‌గా అంకె అడగండి. 1983 జులై 21న అంటార్కిటికాలోని వోస్టోక్ కేంద్రంలో థర్మామీటర్ చూపించిన ఉష్ణోగ్రత, భూమి మీద నేల దగ్గర కొలిచినవాటిలో అతి తక్కువ. ఎంత? ఎవరికీ సరిగ్గా తెలియదు కానీ అందరూ ఊహించగలరు. జవాబు మైనస్ 89.2 డిగ్రీల సెల్సియస్. నోటితో చెప్పించకండి, ఒకరిది విని ఇంకొకరు సర్దుకుంటారు. రెండు టీమ్‌లతోనూ కాగితం మీద రాయించి, ఒకేసారి తెరవండి. దగ్గరగా రాసినవాళ్లు గెలిచినట్టు.